నిల్వ తగ్గిందా, వాడకం పెరిగిందా?

2009 అక్టోబరు 22న విండోస్ 7 విడుదలైంది. విస్టాతో విసిగిపోయినవాళ్లు, ఎక్స్‌పీతోనే ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చినవాళ్లు పెద్ద ఎత్తున దానికి మారారు. కొన్ని నెలల్లోనే ఒక ఫిర్యాదు మొదలైంది. కొత్త విండోస్ ఎక్కించాక తెర మూలన ఉండే బ్యాటరీ బొమ్మ మీద ఎర్ర గుర్తు పడుతోంది, బ్యాటరీ మార్చుకునే విషయం ఆలోచించమని సందేశం వస్తోంది. నిన్నటిదాకా బాగానే ఉన్న బ్యాటరీ ఇవాళ పనికిరాదంటే ఎవరు నమ్ముతారు? పాత విండోస్‌కి తిరిగి వెళ్లినా బ్యాటరీ కోలుకోలేదని కొందరు చెప్పడంతో భయం ఇంకా పెరిగింది. కొత్త విండోస్ బ్యాటరీలను శాశ్వతంగా పాడుచేస్తోందన్న మాట ప్రపంచమంతా పాకింది.

2010 ఫిబ్రవరి 8న మైక్రోసాఫ్ట్‌లో విండోస్ విభాగం అధ్యక్షుడు స్టీవెన్ సినోఫ్‌స్కీ వివరణ ఇచ్చారు. హెచ్చరికలో తప్పేమీ లేదని, బ్యాటరీలే అరిగిపోయాయని దాని సారాంశం. ఎక్స్‌పీకి, విస్టాకి ఇలా హెచ్చరించే ఏర్పాటే లేదు. విండోస్ 7లో దాన్ని కొత్తగా పెట్టారు. బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యంలో 60 శాతం పోయి 40 శాతమే మిగిలినప్పుడు ఎర్ర గుర్తు పడుతుంది. ఆ సంఖ్యలను విండోస్ బ్యాటరీ నుంచి చదువుకోవడమే తప్ప తిరిగి అందులో రాయలేదు. ఫిర్యాదు చేసినవాళ్లను సంప్రదించి పరిశీలించిన ప్రతిచోటా బ్యాటరీ నిజంగానే క్షీణించి ఉందని కూడా ఆయన చెప్పారు. అందరూ ఒప్పుకోలేదు.

సాంకేతికంగా సినోఫ్‌స్కీ మాటే సరైనదని నా అభిప్రాయం. అలాగని ఫిర్యాదు చేసినవాళ్లను అమాయకులని తీసిపారేయడం న్యాయం కాదు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. ఆ సంగతి బ్యాటరీలోని చిప్‌కి తెలుసు. సొంతదారుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ తెర మీద 100 శాతం అనే కనిపించింది. ఆ వంద దేనిలో వంద? కొన్నప్పటి సామర్థ్యంలోనా, ఇవాళ మిగిలినదానిలోనా? ఇవాళ మిగిలినదానిలోనే. 50 వాట్-గంటల బ్యాటరీ 20కి పడిపోయినా, ఆ 20 నిండితే తెర 100 శాతమనే చూపిస్తుంది. ఇన్నాళ్లూ ఇలా చూపించి, ఒక అప్‌గ్రేడ్ తర్వాత హఠాత్తుగా బ్యాటరీ మార్చుకోమంటే అనుమానం అప్‌గ్రేడ్ మీదికి పోక ఎక్కడికి పోతుంది?

ఈ గొడవలో తేల్చుకోవలసిన అసలు ప్రశ్న చిన్న లెక్కలో ఉంది. 50 వాట్-గంటల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మామూలు పనికి సగటున 6 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 50ని 6తో భాగిస్తే ఎనిమిది గంటల పైచిలుకు వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత అది ఐదు గంటలే వస్తోందనుకోండి. ఇందుకు రెండు దారులున్నాయి. బ్యాటరీ అలాగే ఉండి, కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల వాడకం 6 నుంచి 10 వాట్లకు పెరిగి ఉండొచ్చు. 50ని 10తో భాగిస్తే ఐదు. లేదా వాడకం ఆ 6 వాట్లే ఉండి, బ్యాటరీ 30 వాట్-గంటలకు తగ్గి ఉండొచ్చు. 30ని 6తో భాగించినా ఐదే. వాడేవాడికి రెండూ ఒకటే, బయటికి కనిపించేది ఆ ఐదు గంటలే. కానీ మొదటిది సాఫ్ట్‌వేర్ సవరణతో పోతుంది, రెండోది ఎన్ని సవరణలు ఎక్కించినా పోదు. ఏది జరిగిందో చూడకుండా విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించినా, కొత్త బ్యాటరీ కొన్నా సగం సార్లు డబ్బూ శ్రమా వృథా.

బ్యాటరీ ఎందుకు తగ్గుతుందో చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి బయలుదేరి, మధ్యలోని ద్రావణాన్ని దాటి, అవతలి వైపు గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఈ రాకపోకలు నష్టం లేకుండా సాగితే బ్యాటరీకి ముసలితనమే ఉండదు. కానీ ఛార్జింగ్‌లో ఉన్న గ్రాఫైట్‌ని ఆ ద్రావణం తట్టుకోలేదు. తాకిన చోట కొంత విచ్ఛిన్నమై పలచని పొరగా పేరుకుంటుంది. 1979లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ పెలెడ్ ఈ పొర స్వభావాన్ని వివరించారు. ఈ పొర లేకపోతే బ్యాటరీ లేదు. ద్రావణం మరింత చెడిపోకుండా అడ్డుకునేది ఇదే. చిక్కేమిటంటే ఈ పొర తయారీకి లిథియమే కావాలి. అందులో చిక్కుకున్న లిథియం మళ్లీ ప్రయాణానికి రాదు. మొదటి ఛార్జింగ్‌లో ఎక్కువగా, ఆ తర్వాత ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఈ పొర మందమవుతూనే ఉంటుంది. మీరు ల్యాప్‌టాప్ వాడినా వాడకపోయినా ఇది ఆగదు.

దీన్ని తొందరపెట్టేవి రెండు: వేడి, నిండు ఛార్జి. కెనడాకు చెందిన కేడెక్స్ సంస్థ స్థాపకుడు ఇసిడోర్ బుక్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన ఒక పట్టికను బ్యాటరీల గురించి రాసేవాళ్లంతా వాడుతుంటారు. 40 శాతం ఛార్జితో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాది ఊరికే ఉంచిన బ్యాటరీలో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే నిండు ఛార్జితో 40 డిగ్రీల దగ్గర ఉంచితే 65 శాతమే మిగులుతుంది. ఇవి సుమారు సంఖ్యలే, బ్యాటరీ రకాన్ని బట్టి మారతాయి. దిశ మాత్రం మారదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు తెలిసిందే. ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ అడుగున గాలి ఆడదు. లోపలి చిప్‌ల వేడి దానికి తోడవుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఛార్జర్ ఎప్పుడూ తీయరు, బ్యాటరీ రోజంతా నూరు శాతం దగ్గరే నిలబడి ఉంటుంది. బ్యాటరీకి ఇంతకంటే కష్టమైన పరిస్థితి ఉండదు. కరెంటు పోతుందన్న భయంతో ప్లగ్గు తీయనివాళ్లను తప్పుపట్టలేం, మన ఊళ్లలో ఆ భయానికి కారణముంది. కానీ రెండేళ్ల తర్వాత కరెంటు పోయినప్పుడు అరగంట కూడా నిలవకపోవడానికి మూలం ఆ అలవాటే.

మరి ఈ క్షీణత అప్‌గ్రేడ్ సమయంలోనే ఎందుకు బయటపడుతుంది? చాలావరకు కాకతాళీయమే, దానికీ ఒక లెక్కుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11కి మారాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఎనిమిదో తరం 2017లో వచ్చింది. అంటే 2025లో హడావుడిగా విండోస్ 11 ఎక్కించుకున్నవాళ్లలో చాలామంది బ్యాటరీల వయసు ఐదు నుంచి ఏడేళ్లు. బీటెక్ మొదటి ఏడాదిలో కొన్న ల్యాప్‌టాప్‌తోనే ఉద్యోగంలో చేరినవాళ్లూ ఇందులోవాళ్లే. బ్యాటరీ ఎలాగూ చివరి దశకు వచ్చే వయసులోనే పెద్ద అప్‌గ్రేడ్ వచ్చింది. ఒకటి జరిగాక రెండోది కనిపించింది కాబట్టి మొదటిదే కారణమనిపిస్తుంది. 2009లో జరిగిందీ ఇదే, పాత యంత్రాల్లోనే కొత్త విండోస్ ఎక్కింది.

అప్‌గ్రేడ్ అరిగిన బ్యాటరీని బయటపెట్టే మార్గం ఇంకొకటుంది. ఇది నాకు అన్నిటికంటే ఆసక్తికరం. వయసుతో బ్యాటరీ సామర్థ్యం తగ్గడమే కాదు, లోపలి నిరోధం పెరుగుతుంది. ఇందాక చెప్పిన, గ్రాఫైట్ మీది పొర మందమవడం ఇందుకు ఒక కారణం. లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, 3 వోల్టుల దగ్గరికి దిగితే చాలా ల్యాప్‌టాప్‌లు ఇక ఆపేయాలని నిర్ణయిస్తాయి. ఛార్జి బాగా దిగి సెల్ 3.5 వోల్టుల దగ్గర ఉందనుకుందాం. ప్రాసెసర్ ఒక్కసారిగా గట్టి పని మొదలుపెట్టి 4 ఆంపియర్లు లాగింది. సెల్ నిరోధం 0.05 ఓమ్‌లైతే 0.2 వోల్టులు పడిపోయి 3.3 దగ్గర ఆగుతుంది. ఇబ్బంది లేదు. అదే ముసలి సెల్‌లో నిరోధం 0.15 ఓమ్‌లకు చేరి ఉంటే పడేది 0.6 వోల్టులు. 3.5 నుంచి 2.9కి. యంత్రం ఆరిపోతుంది. తెర మీద ఇంకా ఇరవై శాతమో ముప్పై శాతమో ఉండగానే ఆరిపోయే ల్యాప్‌టాప్‌ల కథ చాలాసార్లు ఇదే. పాత సాఫ్ట్‌వేర్ అంత కరెంటు ఒక్కసారిగా అడగలేదు కాబట్టి బలహీనత దాగి ఉంది. కొత్తది అడిగింది, బయటపడింది.

ఫోన్లలో ఇదే సమస్యకు ఆపిల్ 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1తో ఒక ఉపాయం చేసింది. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్లలో ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి, హఠాత్తుగా ఆరిపోవడాన్ని అరికట్టింది. ఇంజినీరింగ్ పరంగా సబబైన పనే, కానీ ఫోను వాడేవాళ్లకు స్పష్టంగా చెప్పలేదు. అదే ఏడాది డిసెంబరులో ప్రైమేట్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పూల్ వేగపు కొలతలను పోల్చి ఆ సంగతి బయటపెట్టారు. ఆపిల్ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించి, 2018 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 11.3లో బ్యాటరీ ఆరోగ్యాన్ని ఫోనులోనే చూసుకునే వీలు కల్పించింది. విండోస్ 7 నిజం చెప్పినా జనం నమ్మలేదు, ఇక్కడ నిజం దాచినందుకు మండిపడ్డారు. రెండు చోట్లా లోటు ఒక్కటే. బ్యాటరీలో ఉన్న సంఖ్యలు దాన్ని కొన్న మనిషికి మొదటి రోజు నుంచీ కనిపించి ఉంటే ఈ రెండు గొడవలూ ఇంత దూరం వచ్చేవి కావు.

ఇదంతా చదివి సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ నిర్దోషి అనుకోవద్దు. అది నిజంగా తప్పు చేసిన సందర్భాలున్నాయి. 2011 మార్చిలో లైనక్స్ కెర్నల్ 2.6.38 వచ్చింది, ఏప్రిల్‌లో ఉబుంటు 11.04 దాన్ని లక్షల యంత్రాలకు చేర్చింది. బ్యాటరీ మునుపటంత రావడం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఫొరోనిక్స్ వెబ్‌సైట్ నడిపే మైకేల్ లారబెల్ ఒక కెర్నల్ తర్వాత ఒకటి ఎక్కిస్తూ, విద్యుత్ వాడకాన్ని మీటరుతో కొలుస్తూ, తేడా ఎక్కడ మొదలైందో ఆ ఏడాది జూన్‌లో పట్టుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ని వైఫై కార్డుతో, గ్రాఫిక్స్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గాలుంటాయి. వాటి మీద రాకపోకలు లేనప్పుడు నిద్రపుచ్చే ఏర్పాటును ఏఎస్‌పీఎం అంటారు. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఈ ఏర్పాటు లేదని సూచించే చిన్న గుర్తు ఉంటుంది, అయినా అదే బయోస్ కొన్ని పరికరాలకు దాన్ని ముందే పెట్టి ఉంచుతుంది. కొత్త కెర్నల్ ఆ గుర్తును అక్షరాలా తీసుకుని, బయోస్ పెట్టి ఉంచినదాన్ని కూడా ఆపేసింది. దాంతో పని లేకపోయినా ఆ మార్గాలన్నీ మెలకువగా ఉండి కరెంటు తాగాయి. విండోస్ ఆ గుర్తు చూసినప్పుడు ఏదీ ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుందని లైనక్స్ డెవలపర్ మాథ్యూ గారెట్ గ్రహించి, లైనక్స్ కూడా అలాగే నడుచుకునేలా మార్పు రాశారు. 2012 మార్చిలో వచ్చిన కెర్నల్ 3.3లో అది చేరింది. సంవత్సరం పాటు ఎంతోమంది ల్యాప్‌టాప్‌లు వృథాగా వేడెక్కాయి. బ్యాటరీ మార్చుకున్నా అక్కడ ప్రయోజనం ఉండేది కాదు, నిల్వ తగ్గలేదు కాబట్టి.

మ్యాక్‌లకూ అలాంటి రోజులొచ్చాయి. 2022 జనవరి చివర్లో మాక్‌ఓఎస్ మాంటెరీ 12.2 ఎక్కించుకున్నవాళ్లలో కొందరు రాత్రి నిండు ఛార్జితో మూత వేసి, తెల్లారి తెరిచేసరికి బ్యాటరీ ఖాళీ. నిద్రలో ఉన్న మ్యాక్‌ను బ్లూటూత్ మౌసులు, హెడ్‌ఫోన్ల అనుసంధానం పదేపదే లేపుతోంది. ఫిబ్రవరి 10న వచ్చిన 12.2.1 దాన్ని సరిచేసింది. ఇంటెల్ మ్యాక్‌ల సమస్య అని ఆపిల్ చెప్పింది. నిద్రలో వాడకం ఎంత ముఖ్యమో చూడండి: అర వాట్ చొప్పున ఎనిమిది గంటలకు 4 వాట్-గంటలే పోతాయి. పదేపదే మేలుకుంటూ సగటున 4 వాట్లు తీసుకుంటే 32 పోతాయి.

ఈ నిద్ర విషయంలో కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌ల పద్ధతే మారింది. పూర్వం నిద్ర అంటే మెమరీకి తప్ప అన్నిటికీ కరెంటు ఆపేయడం. 2012లో విండోస్ 8తో ఫోన్ల తరహా నిద్ర మొదలైంది, విండోస్ 10 నుంచి దాన్ని మోడరన్ స్టాండ్‌బై అంటున్నారు. యంత్రం సగం మెలకువగా ఉండి, ఈమెయిల్ తెచ్చుకోగలదు, అప్‌డేట్లు చూసుకోగలదు. ఒక్క డ్రైవర్ సరిగా నిద్రపోకపోతే మొత్తం యంత్రం నిద్రపోదు. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ ఆఫీసుకు చేరేసరికి వేడెక్కి ఉండటానికి తరచూ ఇదే కారణం. ప్రయాణానికి ముందు నిద్ర బదులు హైబర్నేట్ చేయడమో, పూర్తిగా ఆపడమో మేలు.

మిగతా కారణాలు చిన్నవి, ఎక్కువగా తాత్కాలికం. అప్‌గ్రేడ్ అవగానే ఫైళ్ల సూచిక మళ్లీ తయారవుతుంది, భద్రతా తనిఖీ నడుస్తుంది, యాప్‌లు వరసగా అప్‌డేట్ అవుతాయి. అందుకే మొదటి రెండు మూడు రోజుల బ్యాటరీని చూసి తీర్పు ఇవ్వకూడదు. వారం దాటినా తగ్గకపోతే డ్రైవర్లు చూడాలి. తయారీదారు ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ పోయి సాధారణ డ్రైవర్ వస్తే, వీడియోను ప్రత్యేక భాగం బదులు ప్రాసెసరే విప్పాల్సి వస్తుంది, సినిమా చూస్తుంటే ఫ్యాను హోరెత్తుతుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న యంత్రంలో పెద్దది ఊరికే మెలకువగా ఉన్నా వాడకం కొన్ని వాట్లు పెరుగుతుంది.

సామర్థ్యాన్ని కావాలనే తగ్గించే అప్‌గ్రేడ్‌లూ ఉన్నాయి. 2020 మేలో వచ్చిన మాక్‌ఓఎస్ 10.15.5, థండర్‌బోల్ట్ 3 ఉన్న మ్యాక్‌బుక్‌లలో బ్యాటరీ వేడి, ఛార్జింగ్ అలవాట్లను గమనించి, అవసరమైతే నింపే గరిష్ఠ పరిమితిని తగ్గించడం మొదలుపెట్టింది. అది బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి. అలాగే చాలా విండోస్ ల్యాప్‌టాప్ తయారీదారుల సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుంది. అప్‌గ్రేడ్ తర్వాత 80 దగ్గరే ఆగిపోతోందంటే కంగారు పడకుండా ముందు ఆ సెట్టింగ్ చూడండి. ప్లగ్గు తీయకుండా వాడేవాళ్లు దాన్ని ఆన్‌లోనే ఉంచడం మంచిది. పైన చెప్పిన నిండు ఛార్జి బాధ దానితో చాలావరకు తప్పుతుంది.

ఇంతకీ మీ సంఖ్యలు ఎలా చూడాలి? 1990ల మధ్యలో ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి స్మార్ట్ బ్యాటరీ ప్రమాణాలు తయారుచేసినప్పటి నుంచీ ల్యాప్‌టాప్ బ్యాటరీలోనే ఒక చిప్ ఉంటోంది. అతి చిన్న నిరోధకం గుండా పోయే కరెంటును కొలుస్తూ, లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత అని అది లెక్క రాసుకుంటుంది. తయారీ సామర్థ్యం, ఇప్పటి పూర్తి ఛార్జి సామర్థ్యం, ఎన్నిసార్లు నింపి వాడారన్న లెక్క అన్నీ అందులో ఉంటాయి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ అడిగితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అన్న రెండు వరుసలు చూడండి. పాత నెలల సంఖ్యలు కూడా ఉంటాయి కాబట్టి పడిపోవడం అప్‌గ్రేడ్ కంటే ముందే మొదలైందేమో తేదీలతో సహా తెలుస్తుంది. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని పవర్ విభాగంలో బ్యాటరీ స్థితి, లైనక్స్‌లో యూపవర్ అన్న పనిముట్టుతో ఈ రెండు సంఖ్యలూ దొరుకుతాయి. రెండో సంఖ్య మొదటిదానికి దగ్గరగా ఉంటే బ్యాటరీని వదిలేసి వాడకం వెతకండి. సగం దగ్గర ఉంటే అప్‌గ్రేడ్‌ని తిట్టుకోనక్కర్లేదు. చిప్ లెక్క కూడా తప్పిపోవచ్చు, ముఖ్యంగా నెలల తరబడి ప్లగ్గులోనే ఉన్న యంత్రంలో. ఒకసారి నిండుగా నింపి, అది దాదాపు ఖాళీ అయ్యేదాకా వాడి, మళ్లీ నింపితే చాలాసార్లు లెక్క సరిపడుతుంది.

బ్యాటరీ మార్చాలనే తేలితే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో కొన్నా, సర్వీస్ సెంటర్లో వేయించుకున్నా తయారీ తేదీ చూడండి. షెల్ఫులో ఉన్నా లిథియం బ్యాటరీకి వయసు పెరుగుతూనే ఉంటుందని ఇందాక చూశాం. వేయించాక మళ్లీ రిపోర్ట్ తీయండి. చౌక బ్యాటరీ చిప్‌లో సామర్థ్యం ఎంతని అయినా రాసి ఉండొచ్చు కాబట్టి, నిజంగా ఎన్ని గంటలు వస్తోందో కూడా ఒకరోజు వాడి చూడండి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా, మూత సరిగా పడకపోయినా ఈ లెక్కలేవీ వేయనక్కర్లేదు. బ్యాటరీ లోపల వాయువు చేరి ఉబ్బిందని అర్థం. ఛార్జర్ తీసేసి, ఆపేసి, నొక్కకుండా, పొడవకుండా, ఎండ తగలని చోట ఉంచి, అదే రోజు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.